మా బావ రాయని ఒక్క లైను

మా బావ చొక్కా జేబులో పెన్ను ఉండదు. అది ఉండాల్సిన చోట చిటికెన వేలంత స్క్రూడ్రైవర్ ఉంటుంది. అందుకే ఆఫీసులో ఆయన అసలు పేరు అందరూ మర్చిపోయారు, స్క్రూడ్రైవర్ గారంటేనే తెలుస్తుంది. సంతకం పెట్టాల్సి వస్తే పక్కవాళ్ళ పెన్ను అడుగుతాడు. సంతకం అయ్యాక ఊరుకుంటాడా, ఆ పెన్ను విప్పి, లోపలి స్ప్రింగు ఓసారి నొక్కి చూసి, మళ్ళీ బిగించి, "ఇంకో ఏడాది ఢోకా లేదు" అని జాతకం చెప్పి మరీ ఇస్తాడు.

ఇంట్లోనూ అదే వరస. విప్పలేని వస్తువు మనది కాదన్నది ఆయన మొదటి సిద్ధాంతం. మా మేనకోడలు ముచ్చటపడి కొత్త ఫోను తెచ్చుకుంటే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్క స్క్రూ కూడా కనపడక, అయినవాళ్ళెవరో పోయినట్టు మొహం పెట్టాడు. "జిగురేసి అంటించేశారమ్మా. బ్యాటరీ కూడా మార్చుకోనివ్వనివాడు నీకు ఫోను అమ్మినట్టు కాదు, అద్దెకిచ్చినట్టు" అన్నాడు. రెండో సిద్ధాంతం, నడుస్తున్నదాన్ని ముట్టుకోకూడదన్నది. ఇంట్లో కంప్యూటరు ఎప్పుడైనా అప్‌డేట్ చేసుకుంటానని అడిగితే ఆయనకి ఒళ్ళు మండిపోతుంది. నిన్నటిదాకా బుద్ధిగా నడిచినదాన్ని బాగుచేస్తానంటూ వచ్చేవాణ్ణి గుమ్మంలోనే ఆపేయాలంటాడు.

మా అక్క మిక్సీ ఇప్పటికి తొమ్మిదిసార్లు చచ్చి బతికింది. "ఈ ఇంట్లో దేనికీ చావు రాదురా తమ్ముడూ. కొత్తది కొనుక్కోవాలంటే పాతది పోవాలి కదా, మీ బావ పోనిస్తేనా?" అని అక్క నాతో మొరపెట్టుకుంటుంది. ఆయన మాత్రం ఆ మిక్సీ మూత తట్టి, పరీక్ష పాసైన పిల్లని చూసినట్టు మురిసిపోతాడు.

వెక్కిరించడానికి చెప్పడం లేదు ఇవన్నీ. బావని వెక్కిరించే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది ఊరికి మంచినీళ్ళు వదిలే ఆఫీసు. ఏ పేటకి ఎప్పుడు నీళ్ళు వెళ్ళాలో, ఏ వాల్వు ఎంతసేపు తెరవాలో చూసుకునేది ఒక పాత కంప్యూటరు. పాతదంటే మామూలు పాతది కాదు. బీరువా అంత ఇనప పెట్టె, దానికి ఆకుపచ్చ అక్షరాల తెర. కిటికీ లేని చిన్న గదిలో, గోడకీ బల్లకీ మధ్య ఇరికించి ఉంటుంది. దాని ముందు ఒకే ఒక్క కుర్చీ పడుతుంది, అదీ కొంచెం అడ్డంగా. ఆ కుర్చీ బావది. నేను బయట తిరిగే ఉద్యోగిని. మోటారు సైకిలు వేసుకుని వీధి వీధీ తిరిగి, వాల్వులు చూసి, లీకులు చూసి, సందు చివర టీ తాగి, నలుగురితో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేవాణ్ణి. ఆ ఉద్యోగం వేయించింది కూడా బావే.

కరెంటు కాస్త తగ్గినా సరే ఆ యంత్రం ఆగిపోతుంది. వారానికి రెండు మూడుసార్లయినా ఆగుతుంది. దాన్ని మళ్ళీ లేపడం ఒక్క బావ వల్లే అవుతుంది. మిగతావాళ్ళం ఎవరం ముట్టుకున్నా ఉలకదు, పలకదు. ఆయన వచ్చి కూర్చుని నాలుగు మీటలు నొక్కితే లోపల టక్కుమని చప్పుడవుతుంది, ఊరికి నీళ్ళు కదులుతాయి. బావ డ్యూటీ దిగాక ఆ గదిలో కాపలా కూర్చునే మాలాంటివాళ్ళ పనల్లా, యంత్రం ఆగితే బావకి ఫోను చేయడమే.

దాంతో ఒక రూలు పుట్టింది. కాగితం మీద లేకపోయినా అందరూ పాటించే రూలు. స్క్రూడ్రైవర్ గారు ఆఫీసుకి అరగంట దూరం దాటి వెళ్ళకూడదు. పదిహేనేళ్ళుగా దాటలేదు. అక్క పుట్టింటికి ఒక్కతే వచ్చేది. పెళ్ళిళ్ళకి ఒక్కతే వెళ్ళేది. ఒకసారి బంధువుల ఇంట్లో పెళ్ళికి బావ కూడా బయల్దేరాడు, బస్సు ఊరు పొలిమేర దాటకముందే ఫోను మోగింది. కొత్త బట్టలతోనే దిగి వెనక్కి నడిచాడు. అక్క బస్సు కిటికీలోంచి ఆయన వీపు చూస్తూ కూర్చుందట. చెయ్యి కూడా ఊపలేదట.

తమాషా ఏమిటంటే, ఈ ఉచ్చు బిగించుకున్నది బావ చేతులే. తొమ్మిదేళ్ళ కింద ఎవరో వచ్చి, ఈ పాత డబ్బా తీసేసి కొత్త యంత్రం పెట్టిస్తామన్నారు. పెద్ద ఇంజినీరు గారు బావని అభిప్రాయం అడిగారు. నోరు మూసుకుని తలూపితే అయిపోయేది. ఊహూ. ఈయన నాలుగు రోజులు కూర్చుని ఆరు పేజీల రిపోర్టు రాశాడు. కొత్త యంత్రం లోపల ఏముందో విప్పి చూడనివ్వరనీ, పాడైతే వాళ్ళే రావాలనీ, మన పాతదానికి ఇంకా ఇరవై ఏళ్ళ ఆయుష్షు ఉందనీ గీతలు గీసి మరీ నిరూపించాడు. అందులో ఒక్క అబద్ధం లేదు. ఆ యంత్రం నిజంగానే చావలేదు.

నాలుగేళ్ళ కింద బావకి ఒక ఉత్తరం వచ్చింది. దూరాన ఒక ఊళ్ళో యంత్రాల రిపేరు నేర్పే బడి పెట్టారు. కంప్యూటర్లు, మోటార్లు, ఫోన్లు, ఏదైనా సరే పారేయకుండా విప్పి బాగుచేయడం నేర్పాలి. పాఠం చెప్పడానికి బావ కావాలన్నారు. నెల రోజుల్లో వచ్చి చేరాలి. ఆ ఉత్తరం పట్టుకుని బావ వంటింట్లోకీ హాల్లోకీ ఏడెనిమిదిసార్లు తిరిగాడు. నేను అక్కడే ఉన్నాను.

"ఒరే, అక్కడ పెద్ద కిటికీల గది ఉందట. ముప్ఫై మంది పిల్లలు, ముప్ఫై బల్లలు. ఒక్కో బల్ల మీద ఒక్కో చచ్చిన యంత్రం!" అన్నాడు.

"వినడానికే ఎంత శుభంగా ఉందో" అంది అక్క. కానీ ఆ సాయంత్రమే అట్టపెట్టెలు తెప్పించింది. ఒక్కో పెట్టె మీద గుండ్రటి అక్షరాలతో "గిన్నెలు", "దుప్పట్లు", "ఆయన వైర్లు" అని రాసుకుంది. అన్నేళ్ళలో అక్క పాట కూనిరాగం తీయగా నేను వినడం అదే మొదటిసారి.

పెద్ద ఇంజినీరు గారు మంచివాడే. ఆ ఆరు పేజీల రిపోర్టు బల్ల మీద పెట్టి, "కొత్తది వద్దన్నది మీరేగా స్క్రూడ్రైవర్ గారూ. సరే, వెళ్ళండి. నేనేం కాళ్ళు కట్టేయను. కానీ మీరు లేకుండా దాన్ని లేపేవాడు ఒకడుండాలి. నా ఎదురుగా లేపి చూపించమనండి. మూడు రోజులు చూస్తాను. ఒక్కరోజు లేచినా చాలు, మీ కాగితం మీద సంతకం పెట్టేస్తాను" అన్నాడు.

ఆ ఒక్కడూ నేనే. బావమరిదిని కదా, ఇంకెవరు దొరుకుతారు? నా పేరున ఆర్డరు టైపు చేసి కూడా ఉంచారు. యంత్రం లేస్తే ఆ కుర్చీ నాది.

బావ పద్నాలుగు లైన్లు రాసిచ్చాడు. ముందు ఫ్యాను మీట. ఇరవై లెక్కపెట్టు. తర్వాత పెద్ద మీట. తెర మీద ఆకుపచ్చ చుక్క కొట్టుకుంటే ఫలానా బటను. చివర్లో కుడివైపు పైనున్న ఎర్ర మీట ముందుకి వంగి నొక్కి పట్టుకో. లోపల రిలే అనే స్విచ్చి టక్కుమని పట్టుకుంటుంది, వదిలెయ్. ఒకసారి పట్టుకున్నదంటే మళ్ళీ కరెంటు పోయేదాకా అది వదలదు.

మొదటి రోజు కాగితం చేత్తో పట్టుకుని, పద్నాలుగూ వరసగా చేశాను. చప్పుడు లేదు. మళ్ళీ చేశాను. లేదు. బావ కూర్చుని అవే చేస్తే మొదటి దెబ్బకే టక్కుమంది. పెద్ద ఇంజినీరు గారు గడియారం చూసుకుని వెళ్ళిపోయారు. రెండో రోజూ అంతే. ఆరుసార్లు చేశాను. చెమటలు కారుతున్నాయి. గుమ్మం దగ్గర నిలబడ్డ ప్యూను నవ్వు ఆపుకోలేక పక్కకి తప్పుకున్నాడు.

"లే, నేను చూస్తాను" అన్నాడు బావ. మాటలో విసుగు దాచుకోలేకపోయాడు. అదే మొదటిసారి ఆయన నన్ను విసుక్కోవడం. నేను వెనక స్టూలు మీద కూలబడి, ఎవరి మొహం చూడాలో తెలియక నేల చూపులు చూస్తున్నాను. అందుకే కనపడింది. బావ ఎర్ర మీట కోసం ముందుకి వంగినప్పుడు, ఇరుకులో అడ్డంగా ఉన్న కుర్చీలోంచి ఆయన ఎడమ మోకాలు వెళ్ళి ఆ ఇనప పెట్టె పక్కరేకుని గట్టిగా ఒత్తింది. రేకు కాస్త లోపలికి వంగింది. టక్.

ఆయనకి తెలియదు. ప్రమాణం చేసి చెప్తాను, ఆయనకి తెలియదు. చేతులు చేసేవన్నీ రాశాడు గానీ, మోకాలు కూడా పనిచేస్తోందని ఆయనెలా అనుకుంటాడు? నేను పొడుగు మనిషిని, కాళ్ళు కుర్చీ కిందకి ముడుచుకుని కూర్చుంటాను. నా మోకాలు ఆ రేకుకి ఎప్పుడూ తగల్లేదు.

మధ్యాహ్నం బావ టీకి వెళ్ళినప్పుడు తలుపు మూసి, యంత్రం ఆపి, కూర్చున్నాను. పద్నాలుగు లైన్లూ చేశాను. చివర్లో మోకాలు పెట్టాను. టక్కుమంది. ఏనుగెక్కినంత సంబరం వేసింది నాకు. బావని కేకేసి పిలవడానికి లేవబోయాను.

లేవబోయి, మళ్ళీ కూర్చున్నాను. ఆ గది చూశాను. నాలుగు గోడలు, ట్యూబులైటు, బల్ల మీద ఫోను. ఆ ఫోను మోగినప్పుడల్లా పరుగెత్తేవాడు ఇక నేనే. అరగంట దూరం దాటకూడనివాడు నేనే. నా బండి, నా సందులు, నా టీ కొట్టు, అన్నీ పోయి ఈ కుర్చీ మిగులుతుంది. నాకప్పుడు ముప్ఫై ఒకటి. బావ అప్పటికే అక్కడ గడిపిన పదకొండేళ్ళూ కలిపి చూసుకుంటే నలభై రెండు. లేచి తలుపు తీశాను. ఎదురుగా టీ గ్లాసుతో బావ.

"ఏరా, అలా ఉన్నావేం?" అన్నాడు.

"ఏం లేదు బావా. ఉక్కగా ఉంది" అన్నాను.

మూడో రోజు పెద్ద ఇంజినీరు గారు వచ్చారు. నేను కూర్చున్నాను. కాళ్ళు రెండూ కుర్చీ కిందకి ముడుచుకుని, పాదాలు మెలివేసుకుని, జానెడు దూరంలో ఉంచాను మోకాళ్ళని. పద్నాలుగు లైన్లూ ఒక్క తప్పు లేకుండా చేశాను. ఎనిమిదిసార్లు చేశాను. మా అక్క పెట్టెల మీద రాసుకున్న గుండ్రటి అక్షరాలు కళ్ళ ముందు ఆడుతూనే ఉన్నాయి. అయినా మోకాలు కదపలేదు. "ఇక చాలు బాబూ" అన్నారు పెద్ద ఇంజినీరు గారు.

బావ నన్నొక్క మాట అనలేదు. తప్పు కాగితానిదే అన్నాడు. యంత్రం అబద్ధం చెప్పదు, మనిషి చెప్పినట్టే చేశాడు, అంటే తనే ఏదో రాయలేదు అన్నాడు. మనిషి అబద్ధం చెప్పొచ్చన్న మాట ఆయన లెక్కలోకే రాలేదు. కూర్చుని మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు. పద్నాలుగు లైన్లు ముప్ఫై అయ్యాయి, ముప్ఫై అరవై ఒకటయ్యాయి. మీట ఏ వేలితో నొక్కాలో, ఎన్ని లెక్కపెట్టేసరికి ఊపిరి వదలాలో కూడా రాశాడు. పెట్టె విప్పి చూడొచ్చు కదా అంటారేమో. తన చేతిలో నడుస్తున్న యంత్రం, రెండో సిద్ధాంతం ఉంది కదా! ఈలోగా నెల గడిచింది. ఆ బడివాళ్ళు ఇంకెవరినో పెట్టుకున్నారు. అక్క గిన్నెల పెట్టె విప్పింది, దుప్పట్ల పెట్టె విప్పింది. "ఆయన వైర్లు" మాత్రం అటకెక్కించింది. కూనిరాగం మళ్ళీ వినపడలేదు.

నేను మంచివాణ్ణని చెప్పుకోను గానీ, ఉండబట్టలేక అప్పుడప్పుడు ఒక పని చేసేవాణ్ణి. నేను కాపలా ఉన్నప్పుడు యంత్రం ఆగితే, బావకి ఫోను చేయకూడదనిపించే రోజులు కొన్ని వచ్చాయి. మేనకోడలు బడిలో తన చేత్తో చేసిన రేడియో చూపిస్తోంది, బావ ముందు వరసలో కూర్చున్నాడు. ఇంకోసారి ఆయనకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. అలా నాలుగేళ్ళలో ఐదుసార్లు. తలుపు మూసి నేనే లేపేసేవాణ్ణి. మర్నాడు "దానంతట అదే లేచింది బావా" అని నీళ్ళు నమిలేవాణ్ణి. బావ దగ్గర ఒక పొడుగు నోటుపుస్తకం ఉంది. అందులో తారీకు వేసి, "దానంతట అదే లేచింది. కారణం తెలియదు" అని రాసి, పక్కన ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టేవాడు. ఆ ఐదు ప్రశ్నార్థకాలు ఆయనకి చెవిలో జోరీగలయ్యాయి. గదిలో వేడి కారణమేమో అనుకుని కొన్నాళ్ళు డిగ్రీలు రాసుకున్నాడు. ఆ థర్మామీటరు కొనుక్కొచ్చి ఇచ్చింది కూడా నేనే. ఏ మొహం పెట్టుకుని ఇచ్చానో ఇప్పటికీ తెలియదు.

మొన్నటి నెలలో ఆ గదికి రంగులు వేశారు. ఆ రోజు ఏం జరిగిందో రంగులతను తర్వాత నాకు చెప్పాడు. ఇనప పెట్టెకి కూడా రంగు వేయమన్నారట. అతను గరుకు కాగితం పెట్టబోయి ఆగి, "ఇక్కడ అరచెయ్యంత మేర రంగు పోయి ఇనుము మెరుస్తోందేంటండీ? రోజూ ఎవరైనా తంతారా దీన్ని?" అని బావనడిగాడట. బావ వచ్చి ఆ మచ్చ చూశాడట. కుర్చీ చూశాడట. కూర్చుని, ముందుకి వంగి, తన మోకాలు చూసుకున్నాడట. తర్వాత జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడట.

నాకు ఫోను వచ్చేసరికి సందు చివర టీ తాగుతున్నాను. "ఒరే, దొరికింది! ఎక్కడున్నా పరుగెత్తుకు రా!" అన్నాడు. గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది. వెళ్ళేసరికి ఆయన చేతినిండా మసి, కళ్ళద్దాలు నుదుటి మీద, మొహం వెలిగిపోతోంది. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకున్నాడు.

"లోపల ఒక జాయింటు చిట్లిందిరా. వెంట్రుకవాసి. కంటికి కనపడదు. ఇప్పుడే అతికించాను. నీ తప్పేం లేదు. కాగితం తప్పూ లేదు. ఒట్టి జాయింటు! నాలుగేళ్ళుగా పైకి అనలేదు గానీ, లోపల నిన్ను చేతకానివాడనే అనుకున్నాను. తప్పయిపోయింది. మనసులో పెట్టుకోకు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా చేతులు విడిపించుకోవాలని ఉంది, ఆయన వదలడు.

"కూర్చో, నువ్వే లేపు. ఇక ఎవరు నొక్కినా లేస్తుంది. ఆ రోజు లేపాల్సింది ఇవాళ లేపు" అని, విప్పిన పక్కరేకుని స్క్రూలు లేకుండానే దాని చోట ఆనించి, కుర్చీ జరిపాడు.

కూర్చున్నాను. నా బుద్ధి నా దగ్గర లేదు. మనసులో పెట్టుకోకన్న మాటే చెవుల్లో తిరుగుతోంది. ఫ్యాను మీట, ఇరవై, పెద్ద మీట, ఆకుపచ్చ చుక్క. ఎర్ర మీట కోసం ముందుకి వంగాను. టక్కుమంది. లేచింది బావా అంటూ పక్కకి తిరిగాను.

బావ తెర వైపు చూడటం లేదు. కిందకి చూస్తున్నాడు. నా ఎడమ మోకాలు, రంగు పోయిన ఆ మచ్చ మీద, సరిగ్గా దాని నడిమధ్యలో, రేకుని ఒత్తి పట్టుకుని ఉంది. మోకాలు రేకుని ఒత్తితేనే ఆ చిట్లిన జాయింటు కలిసేదన్న సంగతి ఆయన నాకింకా చెప్పనే లేదు.

నేను కాలు వెనక్కి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో! చాలా ఆలస్యమైంది. బావ బల్ల మీద నోటుపుస్తకం అందుకుని పేజీలు తిప్పాడు. ఎర్ర ప్రశ్నార్థకం ఒకటి. ఇంకో పేజీ, ఇంకోటి. ఐదూ చూశాడు. ఐదోదాని దగ్గర వేలు ఆగింది. అది జ్వరం వచ్చిన రోజు. ఆయన మొహంలో వెలుగు ఒక్కసారిగా పోలేదు. ఎక్కడికి పోవాలో తెలియనట్టు కాసేపు అక్కడే ఉండి, తర్వాత పోయింది.

"బావా..." అన్నాను.

ఆయన పుస్తకం మూశాడు. పెట్టె పక్కరేకు బిగించడానికి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నాలుగు స్క్రూలూ ఒక్కొక్కటే బిగించాడు. ఆఖరిది బిగించేటప్పుడు, నా వైపు తిరక్కుండానే అన్నాడు.

"మీ అక్కకి చెప్పకు."

చెప్పలేదు. ఆదివారాలు వాళ్ళింటికి వెళ్తాను. బావ పేపరు చదువుకుంటూ ఉంటాడు, నేను వస్తే కాస్త జరిగి చోటిస్తాడు. అక్క టీ ఇస్తూ ఆ పాత సంగతి తలుచుకుంటుంది. "పాపం, ఆ మూడు రోజులూ నువ్వు పడ్డ అవస్థ నేను మర్చిపోలేనురా. మా కోసం ఎంత ప్రయత్నించావో" అంటుంది.